ఎండ్యూరో కార్ట్‌కి ట్రాక్ ఎక్కడ దొరుకుతుంది, ఏ క్లాసులో దిగాలి?

ఒహాయోలోని కొలంబస్ నుంచి మీరు అడిగింది ఇది. మీ ఆఫీసులో పనిచేసిన ఒక పెద్దాయన తన లేడౌన్ ఎండ్యూరో కార్ట్‌ని యమహా కేటీ100 ఇంజిన్‌తో, ట్రైలర్‌తో సహా అమ్మకానికి పెట్టారు. మీరు హైదరాబాద్‌లోనూ ఇక్కడా రెంటల్ కార్ట్‌లు బాగానే నడిపారు. ఇది కొంటే శనివారాలు దగ్గర్లోని కార్ట్ ట్రాక్‌కి తీసుకెళ్ళి నడుపుకోవచ్చా, లేకపోతే ఎవరి కార్లు వాళ్ళు తెచ్చి సర్క్యూట్‌లో నడుపుకునే ట్రాక్ డేలకు వెళ్ళొచ్చా, రేసులో దిగాలంటే ఏ క్లాసు, అంటే ఏ పోటీ విభాగం?

మొదటి రెండూ దాదాపు కుదరవు. మూడోదానికి జవాబు మీ చుట్టుపక్కల ఎవరు ఏ ఇంజిన్‌తో పరిగెత్తుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకే తమ్ముడూ, ఇంకా డబ్బు ఇవ్వకండి. నేను 17 ఏళ్ళుగా ఈ కార్ట్‌లలో పడుకుని నడుపుతున్నాను. బండి కొనేసి, తరవాత ట్రాక్ కోసం వెతికి, ఏడాది తిరిగేలోపు సగం ధరకు అమ్ముకున్నవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళలో మనవాళ్ళు కూడా ఉన్నారు.

ముందు ఒక గందరగోళం తీరుద్దాం. ఎండ్యూరో కార్ట్ అన్న మాట రెండు మూడు చోట్ల రెండు మూడు రకాలుగా వాడతారు. నలుగురు కలిసి ఒకే కార్ట్‌ని వంతులవారీగా గంటల తరబడి నడిపే రెంటల్ పోటీలను కూడా ఎండ్యూరో అంటున్నారు. మీకు దొరికింది అది కాదు. అమెరికాలో లేడౌన్ ఎండ్యూరో అంటే, డ్రైవర్ వెల్లకిలా పడుకుని, కాళ్ళు ముందుకు చాపి, మోకాళ్ళ మధ్య నుంచి రోడ్డు చూస్తూ, కార్లు పరిగెత్తే పెద్ద సర్క్యూట్‌లో నడిపే బండి. పెట్రోలు ట్యాంకులు రెండు పక్కలా ఉంటాయి. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ మొదటి కార్ట్ కట్టిన కొద్ది ఏళ్ళకే వీటిని రోడ్డు కోర్సుల మీదికి, అంటే కార్లు పరిగెత్తే మెలికల సర్క్యూట్‌ల మీదికి, తీసుకెళ్ళారు. గాలికి ఎదురు తగిలే ఒళ్ళు తగ్గించుకోవాలని నడిపేవాళ్ళు క్రమంగా వెనక్కి వాలుతూ వచ్చారు, చివరికి పూర్తిగా పడుకున్నారు. కేటీ100కి ఉన్నది 15 హార్స్‌పవర్ దరిదాపు. ఆ కాస్త శక్తితో పొడుగాటి స్ట్రెయిట్ మీద గంటకు 100 మైళ్ళ దాకా పోగలగడానికి కారణం ఆ పడుకోవడమే.

అదే కారణం వల్ల మీ ఊరి కార్ట్ ట్రాక్ దానికి సరిపోదు. ఒకసారి లెక్క వేసి చూడండి. వెనక టైరు చుట్టుకొలత సుమారు 34 అంగుళాలు. గంటకు 100 మైళ్ళంటే నిమిషానికి 1,05,600 అంగుళాలు. అంటే చక్రం నిమిషానికి 3,100 సార్లు తిరగాలి. అప్పుడు ఇంజిన్ 11,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర ఉండాలంటే స్ప్రాకెట్ల, అంటే గొలుసు తిరిగే పళ్ళ చక్రాల, నిష్పత్తి 3.5 దగ్గర పడుతుంది. చిన్న ట్రాక్‌లో అదే ఇంజిన్‌కి 7 దగ్గర వేస్తారు. పెద్ద ట్రాక్ గేరింగ్‌తో చిన్న ట్రాక్‌లోకి దిగితే ప్రతి మలుపు దగ్గరా క్లచ్ జారి, మాడి, మధ్యాహ్నానికల్లా పోతుంది. గేరింగ్ మార్చుకున్నా ఇంకో ఇబ్బంది ఉంది. ఈ బండి పొడుగు, తిప్పుకోవడానికి చోటు ఎక్కువ కావాలి. పడుకున్న డ్రైవర్‌కి పక్కన ఎవరున్నారో సరిగ్గా కనిపించదు, కూర్చుని నడిపేవాళ్ళకు ఇతను అసలే ఆనడు. అందుకని చాలా కార్ట్ ట్రాక్‌ల వాళ్ళు ఓపెన్ ప్రాక్టీసులో లేడౌన్‌లను రానివ్వరు. పెద్ద కార్ట్ ట్రాక్ ఏదైనా ఖాళీగా ఉన్న పని దినాన ఒక గంట ఇస్తే ఇంజిన్ బ్రేక్-ఇన్ చేసుకోవడానికి (నెమ్మదిగా నడిపి భాగాలు కుదురుకునేలా చేయడానికి), బ్రేకులు చూసుకోవడానికి పనికొస్తుంది. ముందుగా ఫోన్ చేసి "లేడౌన్" అన్న మాట చెప్పి మరీ అడగండి. ఊరికే కార్ట్ అంటే సరే రమ్మంటారు, గేటు దగ్గర వెనక్కి పంపుతారు.

కార్ల ట్రాక్ డేల సంగతి ఇంకా గట్టిగా చెప్తాను. వెళ్ళకండి. ఎక్కడో ఒకచోట ఒప్పుకున్నా వెళ్ళకండి. మీ తల నేల నుంచి రెండు అడుగుల ఎత్తులో ఉంటుంది. మీ పక్కన వచ్చే కారు డ్రైవర్‌కి బానెట్ అంచు దాటి మీరు కనిపించరు. మీకు సీటు బెల్టు ఉండదు, బోల్తా పడితే కాపాడే ఇనప పంజరం, రోల్ కేజ్, ఉండదు. కార్టింగ్‌లో కింద పడ్డప్పుడు బండి నుంచి విడిపోవడమే మేలని అలా ఉంచారు, అందుకే రాపిడికి తట్టుకునే సూటో తోలు సూటో వేసుకుంటాం. చుట్టూ ఉన్నవన్నీ కార్ట్‌లే అయినప్పుడు మాత్రమే ఆ ఏర్పాటు పనిచేస్తుంది.

ఇక మిగిలిన దారి ఒక్కటే. ఏదైనా కార్టింగ్ సంస్థ పెద్ద సర్క్యూట్‌ని రెండు మూడు రోజులకు అద్దెకు తీసుకుని, ఇన్సూరెన్స్ కట్టి, అంబులెన్సు, ఫ్లాగ్ మనుషులను పెట్టి నడిపే రేసు వారాంతాలు. సభ్యత్వమో ఆ ఒక్క ఈవెంట్ వరకు పాసో తీసుకుని అందులో చేరాలి. వరల్డ్ కార్టింగ్ అసోసియేషన్ 1971లో మొదలైంది. డిసెంబరు చివరి వారంలో ఫ్లోరిడాలోని డేటోనా సర్క్యూట్‌లో ఏళ్ళ తరబడి కార్ట్ వీక్ జరిపింది వాళ్ళే. 3.56 మైళ్ళ రోడ్డు కోర్సు, 31 డిగ్రీల బ్యాంకింగ్ (మలుపులో పక్కకు వాలిన ట్రాక్) మీద పడుకుని, యాక్సిలరేటర్ తీయకుండా పోవడం అక్కడే రుచి చూడగలిగేవాళ్ళం. మీ వైపు, అంటే మిడ్‌వెస్ట్‌లో, చాంపియన్‌షిప్ ఎండ్యూరో సిరీస్ పేరు వెతకండి. తూర్పు తీరంలో వుడ్‌బ్రిడ్జ్ కార్ట్ క్లబ్, ఉత్తర కాలిఫోర్నియాలో నార్తర్న్ కాలిఫోర్నియా కార్టర్స్ ఉన్నాయి. బే ఏరియాకి ఉద్యోగం మారే ఆలోచన ఉంటే ఆ పేరు కూడా రాసి పెట్టుకోండి.

ట్రాక్‌ల విషయంలో మీరు అదృష్టవంతులు. లెక్సింగ్టన్ దగ్గరి మిడ్-ఒహాయో మీకు గంట ప్రయాణం. 1962లో కట్టారు, 2.4 మైళ్ళు. కొండ ఎక్కి దిగే మలుపులు, ఆ కీహోల్ మలుపు తిరిగి వెనక స్ట్రెయిట్‌లో పడ్డాక కొండ అంచు దాటే చోటు, ఆకాశం తప్ప ఏమీ కనిపించని ఆ ఒకటి రెండు క్షణాలు, వీటిని పడుకుని చూస్తే కారులో చూసినదానికి పోలిక ఉండదు. మిషిగన్‌లో సౌత్ హేవెన్ దగ్గర జింజర్‌మ్యాన్ చదునుగా, చుట్టూ ఖాళీ జాగాతో ఉంటుంది, కొత్తవాళ్ళకు అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. ఇలినాయ్‌లో బ్లాక్‌హాక్ ఫార్మ్స్ 1.95 మైళ్ళు. విస్కాన్సిన్‌లో రోడ్ అమెరికా 4.048 మైళ్ళు, 1955 నాటిది. దానికి మాత్రం ఇంజిన్ మీద నమ్మకం కుదిరాకే వెళ్ళండి. అక్కడి స్ట్రెయిట్‌లు బలహీనమైన పిస్టన్‌ని బయటపెడతాయి.

ఇన్ని ట్రాక్‌లు ఉన్నాయి కదా అని ప్రతి వారం పరుగు ఉంటుందనుకోవద్దు. సర్క్యూట్ అద్దె చాలా ఎక్కువ, మంచి వారాంతాలన్నీ కార్ల సంస్థలు ముందే పట్టుకుంటాయి. శబ్దం గొడవ కూడా ఉంది. కాలిఫోర్నియాలోని లగూనా సెకా సర్క్యూట్‌లో చాలా రోజులు డెసిబెల్ పరిమితి ఉంటుంది, మీటరు పెట్టి కొలిచి, దాటినవాళ్ళను ఆపేస్తారు. ఇవన్నీ పోగా మీకు కారులో వెళ్ళగలిగే దూరంలో ఏడాదికి నాలుగైదు వారాంతాలు దొరికితే బాగా దొరికినట్టే. అందుకే కొనే ముందు ఆ ఏడాది క్యాలెండర్ ముందు పెట్టుకుని, మీరు నిజంగా వెళ్ళగలిగే తేదీలు ఎన్నో గీత గీయండి.

ఇప్పుడు క్లాసుల గురించి. రూలు పుస్తకం తెరిస్తే ముప్పై నలభై పేర్లు కనిపించి కళ్ళు తిరుగుతాయి. విడదీస్తే ఆ పేర్లన్నీ నాలుగు ప్రశ్నలకు జవాబులే: కూర్చుని నడుపుతారా పడుకునా, ఇంజిన్ ఏది, సైలెన్సర్ ఏది, డ్రైవర్‌తో కలిపి బరువు ఎంత. కేటీ100 సంగతే చూడండి. ఇది 1970ల నుంచి ఉన్న 97.6 సీసీ, గాలితో చల్లబడే టూ-స్ట్రోక్. దానికి "క్యాన్" అనే డబ్బా సైలెన్సర్ బిగిస్తే ఒక క్లాసు, పొడుగాటి ఎక్స్‌పాన్షన్ పైపు బిగిస్తే ఇంకో క్లాసు. అదే ఇంజిన్, అదే బండి, బరువు పెంచితే మరో క్లాసు. అందుకే మీకు అమ్మే ఆయనను "ఏ క్లాసులో నడిపారు" అని కాకుండా "ఏ సైలెన్సర్‌తో, ఎంత బరువుకి నడిపారు" అని అడగండి. దీనికి పైన 125 సీసీ నీటితో చల్లబడే లెపర్డ్, రోటాక్స్ లాంటి ఇంజిన్ల క్లాసులు, ఇంకా పైన గేర్‌బాక్సు ఉన్న 125లు, అన్‌లిమిటెడ్ అనే క్లాసు. సూపర్‌కార్ట్ అనే 250 సీసీ రెండు సిలిండర్ల బండికి 100 హార్స్‌పవర్ దాకా ఉంటుంది. ఆ వైపు ఇప్పుడు చూడకండి.

ఎవరెంత చెప్పినా, క్లాసు ఎంచుకోవడానికి నేను చూసేది ఒక్కటే: గ్రిడ్ మీద, అంటే రేసు మొదలయ్యే వరసలో, ఎన్ని బండ్లు నిలబడుతున్నాయి. ఇది సరదా కోసం చెప్తున్న మాట కాదు. 100 మైళ్ళ దగ్గర మీ 15 హార్స్‌పవర్‌లో దాదాపు అంతా గాలిని తోయడానికే పోతుంది. రెండు బండ్లు ముక్కు, తోక తగిలించుకుని పోతే ఆ గాలిని పంచుకుంటాయి, ఇద్దరూ ఒంటరివాడి కంటే వేగంగా పోతారు. నలుగురి గుంపు ఇంకా వేగం. పోటీ అంతా ఆ గుంపులో ఎవరు ఎప్పుడు బయటికి వస్తారన్న దాని మీదే ఉంటుంది. ఒక్కరే ఉన్న క్లాసులో దిగితే ట్రోఫీ ఖాయంగా వస్తుంది, కానీ అరగంట సేపు ఒంటరిగా, నెమ్మదిగా, ఏమీ నేర్చుకోకుండా తిరిగి వస్తారు. నా మొదటి రెండు సీజన్లు అలాగే గడిచాయి. కాగితం మీద ఎక్కువ శక్తి కనిపించిందని ఎవరూ లేని క్లాసు ఇంజిన్ కొన్నాను. మూడో ఏడాది అది తీసేసి కేటీ100 బిగించాక గుంపులో పడ్డాను. ఆ మొదటి రేసులో నేర్చుకున్నంత అంతకుముందు రెండేళ్ళలో నేర్చుకోలేదు. కాబట్టి మీ ప్రాంతపు సిరీస్ పోయిన ఏడాది ఫలితాలు తెరిచి, యమహా లేడౌన్ క్లాసుల్లో ఒక్కో రేసుకి ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టండి. ఎనిమిది దాటితే కొనండి. ఇద్దరో ముగ్గురో ఉంటే వదిలేయండి.

బరువు గురించి మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. తూకం మనిషితో కలిపి, అదీ రేసు అయ్యాక, పెట్రోలు ఖర్చయ్యాక వేస్తారు. ఉదాహరణకు కనీస బరువు 350 పౌన్లు, కార్ట్ 175, హెల్మెట్, సూటుతో కలిపి మీరు 145 అనుకుందాం. మిగతా 30 పౌన్ల సీసం మీరే మోసుకెళ్ళాలి. సన్నగా ఉన్నామని లాభం ఏమీ రాదు, పైగా ఆ సీసం ఎక్కడ బిగించామన్నది బండి తిరిగే తీరుని మార్చేస్తుంది. వీలైనంత కిందికి, సీటుకి దగ్గరగా బిగించండి. జంట నట్లు వేసి, తెల్ల రంగు పూసి, మీ నంబరు రాయమంటారు. ఎందుకంటే 100 మైళ్ళ వేగంలో ఊడిన సీసం ముక్క వెనకవాడి ముఖానికి తగులుతుంది. అర పౌను తక్కువైనా ఫలితం పోతుంది, ఎవరినీ బతిమాలి లాభం లేదు.

ఈ ఇంజిన్‌కి అసలు పరీక్ష పొడుగాటి స్ట్రెయిట్ చివర ఉంటుంది. టూ-స్ట్రోక్‌కి నూనె పెట్రోలులోనే కలిసి వస్తుంది, మేము 16కి 1 పాళ్ళలో కలుపుతాం. అర నిమిషం పాటు నిండా తెరిచి పరిగెత్తించాక మలుపు దగ్గర ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలితే, ఇంజిన్ ఇంకా 11,000 మీద తిరుగుతూనే ఉంటుంది, లోపలికి పెట్రోలూ నూనే రెండూ ఆగిపోతాయి. పిస్టన్ పట్టేస్తుంది. అందుకే పాతవాళ్ళు వదలబోయే ముందు చేతిని వెనక్కి చాపి, అరచేతితో కార్బురేటర్ మూతిని ఒక్క క్షణం మూస్తారు. అలా చేస్తే పెట్రోలు, నూనె ఎక్కువగా పీల్చుకుని సిలిండర్ తడుస్తుంది. ఇది నాకు చెప్పారు. విన్నాను కూడా. కానీ ఒక మధ్యాహ్నం ముందువాడిని దాటే తొందరలో చెయ్యి స్టీరింగ్ మీంచి తీయలేదు. వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి అడ్డంగా తిరిగింది. వెనక గుంపు రెండు పక్కలకూ విడిపోయి నన్ను తప్పించింది కాబట్టి ఇప్పుడు ఇది రాస్తున్నాను. బండి ఆగబోతోందని తెలిసిన మరుక్షణం చెయ్యి నిటారుగా పైకెత్తాలి. ఆ ఒక్కటి మాత్రం ఆ రోజు సరిగ్గా చేశాను. మీరు కూర్చున్నచోటే, ఇంట్లోనే, కళ్ళు మూసుకుని ఆ కార్బురేటర్ ఎక్కడుందో చెయ్యి వెళ్ళి తాకేదాకా సాధన చేయండి.

నూనె సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. చాలామంది ఇప్పటికీ వాడేది ఆముదం, లేదా ఆముదం కలిసిన నూనె. బాగా వేడెక్కినా లోహాన్ని పట్టుకుని ఉంటుంది. క్యాస్ట్రాల్ అన్న పేరే ఆముదం ఇంగ్లీషు పేరు నుంచి వచ్చింది. నేను పాలమూరు జిల్లావాణ్ణి, మా తాత ఆముదం వేసేవాడు. పొద్దున్నే పిట్‌లో (ట్రాక్ పక్కన బండ్లు సిద్ధం చేసే చోట) మొదటి ఇంజిన్ స్టార్ట్ అయి ఆ పొగ వాసన తగలగానే, నాకు అక్కడి గానుగ గుర్తుకొస్తుంది. మా ఇంట్లోవాళ్ళకు ఈ పిచ్చి ఎందుకో వివరించడానికి ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

మీరు లేడౌనే కావాలని పట్టుపట్టకపోతే ఇంకో దారి ఉంది, దాన్ని తక్కువగా చూడకండి. బ్రిగ్స్ ఎల్ఓ206 అని ఫ్యాక్టరీలో సీలు వేసిన ఫోర్-స్ట్రోక్ ఇంజిన్ ఉంది, 9 హార్స్‌పవర్ లోపు. దాన్ని మామూలు కూర్చునే కార్ట్‌కి బిగిస్తే శనివారాలు మీ దగ్గరి ట్రాక్‌లో నడుపుకోవచ్చు, ఆ క్లాసు పెట్టిన సిరీస్ అయితే స్ప్రాకెట్ మార్చుకుని పెద్ద సర్క్యూట్‌లోనూ దిగొచ్చు. నూనె కలిపే పని లేదు, పిస్టన్ పట్టేస్తుందన్న భయం తక్కువ. వేగం తక్కువ కాబట్టి గుంపులో గాలి పంచుకోవడం తీరిగ్గా నేర్చుకోవచ్చు. ఏడాదికి ఐదు వారాంతాలు చాలవు, ప్రతి వారం చేతికి పని కావాలి అనుకుంటే ఇదే కొనండి. మీ ఉత్తరంలో "శనివారాలు" అన్న మాట రెండు సార్లు వచ్చింది కాబట్టి చెప్తున్నాను.

ఇన్సూరెన్స్ చూసుకోండి. ఈవెంట్ వాళ్ళు తీసుకునే పాలసీ మీ ఆసుపత్రి ఖర్చంతా భరిస్తుందనుకోవద్దు. ఉద్యోగంతో వచ్చే హెల్త్ ప్లాన్‌లో మోటార్ రేసింగ్ మినహాయింపు ఉందేమో కాగితాలు తెరిచి చదవండి. ఇండియాలో తీసుకున్న టర్మ్ పాలసీ ఉంటే ప్రమాదకరమైన హాబీల గడిలో ఏం రాశారో కూడా చూడండి. ఇంట్లోవాళ్ళకు చెప్పకుండా మాత్రం మొదలుపెట్టకండి, ఎందుకంటే మీకు ఎలాగూ ఇంకో మనిషి కావాలి. ఈ ఇంజిన్‌కి స్టార్టర్ బండి మీద ఉండదు. గ్రిడ్ మీద ఒకరు స్టార్టర్ పట్టుకుని నిలబడి, ఇంజిన్ అందుకోగానే పక్కకు తప్పుకోవాలి. మొదట మా ఆవిడ పట్టుకునేది, ఇప్పుడు మా అమ్మాయి పడుతుంది.

చేయవలసిన పని ఇది. మిడ్-ఒహాయోలోనో జింజర్‌మ్యాన్‌లోనో వచ్చే రేసుకి బండి లేకుండా వెళ్ళండి. పిట్ పాసు కొని, యమహా లేడౌన్‌లు ఉన్న వరసలోకి వెళ్ళి, ఎవరికైనా స్టార్టర్ పట్టడానికి మనిషి కావాలా అని అడగండి. కావాలనే అంటారు. ఆ రెండు రోజుల్లో ఏ క్లాసు నిండుగా ఉందో, ఏ ఇంజిన్ ఎవరు కడుతున్నారో, విడిభాగాలు ఎవరి ట్రక్కులో ఉంటాయో తెలుస్తుంది. వీలైతే ఎవరైనా ఖాళీ బండిలో పడుకోనిస్తారు. మెడ ఎంతసేపు నిలబడుతుందో అప్పుడే చూసుకోండి. అరగంట రేసులో మొదట చచ్చుబడేది మెడే. ఇంటికి వచ్చాక రోజూ దిండు లేకుండా వెల్లకిలా పడుకుని తల ఎత్తి పట్టుకునే వ్యాయామం చేయండి.

అప్పటికీ ఆ పెద్దాయన బండి మీదే మనసుంటే బేరానికి వెళ్ళండి. ఫ్రేము కింది పైపులు రోడ్డుకి రాసుకుని పలచబడ్డాయేమో వేలితో తడమండి, వెల్డింగుల దగ్గర పగుళ్ళు చూడండి, ఇంజిన్ ఆఖరిసారి ఎప్పుడు విప్పారో అడగండి. ధర రెండు మూడు వందలు తగ్గించమని గీచి గీచి అడగడం కంటే, ఆయన దగ్గరున్న స్ప్రాకెట్ల పెట్టె మొత్తం, ఏ ట్రాక్‌కి ఏ పళ్ళు వేశారో రాసుకున్న పాత నోటుబుక్కు కలిపి ఇమ్మని అడగండి. ఆయన ఇన్నేళ్ళు నడిపి ఉంటే ఆ పుస్తకం తప్పకుండా ఉంటుంది.